రూపాయిలో బారాణా నొప్పి: ‘సబ్జెక్టివ్’ అంటే ఎవరి ఇష్టం వాళ్లదనేనా?

అడిగిన ప్రశ్న కొంచెం కుదించి చెప్తే ఇది: “మహబూబ్‌నగర్‌లో ఎంఏ చదువుతున్నాను. వలస పోయి తిరిగొచ్చిన పాలమూరు కూలీల మీద ప్రాజెక్టు రాశాను. మా గైడ్ ఎర్ర పెన్నుతో ‘టూ సబ్జెక్టివ్’ అని రాసి వెనక్కి ఇచ్చారు. సబ్జెక్టివ్ అంటే ఎవరి ఇష్టం వాళ్లదనేనా? డాక్టర్లు, లాయర్లు కూడా ఈ మాట వాడతారు కదా, అందరికీ ఒకటే అర్థమా? తెలుగులో ఏమనాలి?”

ఒకటే అర్థం కాదు. మామూలు మాటల్లో ‘అది సబ్జెక్టివ్ లే’ అంటే ఇక ఆపుదాం అని. ఏ హోటల్లో బిర్యానీ బాగుంటుంది, ఏ హీరో బాగా చేస్తాడు అని గొడవ ముదురుతుంటే ఎవరో ఒకరు ఆ మాట అంటారు, అందరూ చాయ్ తాగి లేస్తారు. తప్పేం లేదు. కానీ డాక్టరు కేస్‌షీట్‌లో అదే మాట ఉంటే, అక్కడి నుంచే పని మొదలవుతుంది. ఒకచోట తలుపు మూసే మాట, ఇంకోచోట తలుపు తీసే మాట.

నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఈ తేడా నాకు అర్థమైంది మాత్రం మర్రిగూడ వైపు ఒక ఊళ్లో, ఒక అవ్వ ఇంటి అరుగు మీద.

ఇరవై ఏళ్ల కిందటి మాట. పీజీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఫ్లోరైడ్ ఊళ్లలో సర్వేకు రోజుకు ఇంత అని ఇచ్చి మనుషుల్ని తీసుకుంటున్నారంటే చేరిపోయాను. మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపు తిరిగేవాళ్లం. ఇంటింటికీ నల్లా అప్పటికింకా రాలేదు, చాలా ఊళ్లలో బోరింగే దిక్కు. ఫారంలో పేరు, వయసు, ఎన్నేళ్లుగా ఆ నీళ్లు తాగుతున్నారు, ఆ తర్వాత మూడు పరీక్షలు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు ముట్టుకోవాలి. గదమ (గడ్డం) ఛాతీకి ఆనించాలి. చేతులు చాచి, మడిచి, తల వెనక పెట్టుకోవాలి. ఎముకలకు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) పట్టిందా లేదా అని ఊళ్లో నిలబడి చూడటానికి వాడే పరీక్షలివి. వాటి పైన ‘ఆబ్జెక్టివ్’ అని హెడ్డింగు. కింద ‘సబ్జెక్టివ్’ అని ఇంకో హెడ్డింగు, దాని కింద ఒకటే ప్రశ్న: నొప్పి, సున్నా నుంచి పది దాకా.

అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మెడ తిరగదు. కోడి వచ్చి చేట దగ్గర నిలబడితే, దాన్ని అదిలించడానికి నడుం నుంచి ఒళ్లంతా తిప్పి చూసింది. గదమ ఛాతీకి ఆనడం సంగతి అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. టిక్కు పెట్టుకుని నొప్పి దగ్గరికి వచ్చాను.

“అవ్వా, నొప్పి అస్సలు లేకపోతే సున్నా అనుకో. ఇంక తట్టుకోలేనంత ఉంటే పది. నీది ఎంత?”

“పదేంది బిడ్డా? రూపాయిల ఎంతని అడుగు, చెప్త.”

“సరే, రూపాయిల ఎంత?”

“పొద్దుగాల బారాణా. ఎండ ఎక్కినంక ఆఠాణా. రాత్రయితే పదహారణాలు.”

1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి గానీ, ఆమె లెక్క మారలేదు. రూపాయికి పదహారు అణాలు. ఆఠాణా అంటే అందులో ఎనిమిది, బారాణా అంటే పన్నెండు, మా ఫారం లెక్కలో ఏడున్నర. సగాలు రాయకూడదని రూలు. ఎనిమిది అని రాశాను. పొద్దుటిదా రాత్రిదా అని రాసే గడి ఫారంలోనే లేదు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు నా అనుమానం తీర్చుకుందామని ఇంకోసారి అడిగాను. పొద్దున బారాణా, ఎండలో ఆఠాణా, రాత్రి పదహారణాలు. అదే వరస. ఇంకో కొత్త సంగతి కూడా చెప్పింది: మోకాళ్లది గుంజుడు, నడుముది సలుపుడు, మడమలది సూదులు పెట్టి పొడిసినట్టు. మూడూ వేరట. నా గడిలో మాత్రం మూడూ కలిసి ఒక ఎనిమిది.

రెండిళ్ల అవతల ఆమె మరిది కొడుకు, నలభై లోపే. గదమ ఛాతీకి ఆనలేదు, చేతులు తల వెనక్కి పోలేదు. నొప్పి ఎంత అంటే “ఏం లేదు సారు, మంచిగనే ఉన్న” అన్నాడు. సున్నా. ఇంకో ఇంట్లో కోడలు పిల్ల, మూడు పరీక్షలూ అలవోకగా చేసింది, నొప్పి మాత్రం ఆరు అంది.

లెక్కలన్నీ ఒకచోట చేరాక పైన ఉన్నాయన అన్నాడు: “పెయిన్ కాలమ్ తీసెయ్యండి, అది సబ్జెక్టివ్.” నేను సరే సార్ అన్నాను. అప్పటికి నాకూ ఆ మాటకు ‘నమ్మడానికి లేనిది’ అనే అర్థం. చాన్నాళ్ల తర్వాత తెలిసింది మేం తీసేసింది ఏమిటో. ఎముకల ఫ్లోరోసిస్ తొలి దశలో వచ్చేవి అడపాదడపా కీళ్ల నొప్పులు, బిగుసుకుపోవడం. మెడ తిరగకపోవడం, నడుం వంగిపోవడం ఆ తర్వాతి సంగతి. అంటే ఆ కోడలు పిల్ల లాంటి వాళ్లను ముందే పట్టుకోగలిగిన కాలమ్ అదొక్కటే. ఆబ్జెక్టివ్ పరీక్షలో ఆమె నూటికి నూరు ఆరోగ్యవంతురాలు.

వైద్యంలో ఈ మాటకు ఉన్న అసలు పని చెప్తాను. 1960ల్లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు కేస్‌షీట్ రాసే పద్ధతి ఒకటి తెచ్చాడు. ఇప్పటికీ మెడికల్ విద్యార్థులకు అదే నేర్పుతారు. మొదటి గడి సబ్జెక్టివ్: రోగి చెప్పింది. రెండోది ఆబ్జెక్టివ్: డాక్టరు చూసింది, కొలిచింది. ఆ తర్వాతే ఏమై ఉంటుంది, ఏం చేయాలి. ఇందులో మొదటి గడి తక్కువ, రెండోది ఎక్కువ అని ఎక్కడా లేదు. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్న తేడా అంతే. మన తెలుగులో చెప్పాలంటే అది ‘అట’ గడి. నొస్తుందట, నిద్ర పట్టట్లేదట, అన్నం సయించట్లేదట.

ఈ ‘అట’ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ‘అవ్వకు నొప్పిగా ఉందట’ అనొచ్చు. ‘నేను చిన్నప్పుడు తెగ ఏడ్చేవాణ్నట’ అని మన గురించి మనమే అనొచ్చు, ఎందుకంటే అది మనకు గుర్తులేదు, అమ్మ చెప్పింది. కానీ ‘ఇప్పుడు నాకు నొప్పిగా ఉందట’ అనండి చూద్దాం. ఎవరైనా నవ్వుతారు. నా నొప్పి ఇంకొకరు చెప్తే నాకు తెలిసేది కాదు కదా. ఏ వాక్యానికి చెప్పేవాడు తన విషయంలో ‘అట’ తగిలించలేడో, అక్కడ ఉంది డాక్టర్లు, తత్వం చదివినవాళ్లు అనే సబ్జెక్టివిటీ. ఇంత చక్కటి పరీక్ష మన భాషలో ఉండగా దీనికోసం నేను ఇంగ్లీషు పుస్తకాలు ఎందుకు తిరగేశానో!

ఇంకొకటి కూడా మన వ్యాకరణమే చెప్తుంది. ‘నాకు నొస్తోంది’, ‘నాకు చలేస్తోంది’, ‘నాకు నచ్చింది’. ఇందులో ‘నేను’ లేదు, ‘నాకు’ ఉంది. నేను చేసిన పని కాదది, నాకు వచ్చి పడింది. అదే ‘నేను మెచ్చుకున్నాను’ అంటే నేనే చేశాను, ఎందుకు మెచ్చుకున్నావ్ అని నన్ను నిలదీయొచ్చు. ‘ఈ పాట నాకు నచ్చింది’ అన్నవాణ్ని ఎందుకు నచ్చింది అని నిలదీస్తే వాడేం చెప్తాడు, నచ్చింది అంతే. బిర్యానీ గొడవలో మనం నచ్చడం, మెచ్చడం కలిపేసి రెండిటికీ సబ్జెక్టివ్ అనే ఒక్క చీటీ అంటిస్తున్నాం. అందుకే మెచ్చుకున్న దానికి కారణం చెప్పాల్సినవాడు కూడా నచ్చిందన్న చాటున తప్పించుకుంటున్నాడు.

మీ ‘ఎవరి ఇష్టం వాళ్లది’ సంగతి ఇక్కడ తేలుతుంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే రెండు మాటలు వాడతారు: వస్తుతంత్రం, పురుషతంత్రం. మసక చీకట్లో మోడు కనిపిస్తుంది. మోడా, మనిషా అని అనుమానం. మనం ఏమనుకున్నా అది మోడే, మన ఇష్టంతో పనిలేదు. ఆ జ్ఞానం వస్తువును బట్టి ఉంటుంది. అదే ఎక్కడికైనా పోవాలంటే గుర్రం మీద పోవచ్చు, నడిచి పోవచ్చు, అసలు పోకపోవచ్చు. అది మనిషిని బట్టి. మరి అవ్వ నొప్పి ఇందులో దేనికింద వస్తుంది? (ఇక్కడి నుంచి శంకరుల మాట కాదు, నా అన్వయం.) ‘సబ్జెక్టివ్ కదా, పురుషతంత్రమే’ అనిపిస్తుంది. కానీ అవ్వ వద్దనుకుంటే నొప్పి పోతుందా? బారాణా నొప్పిని చారాణా చేసుకునే అధికారం ఆమెకు ఉంటే చేసుకోదా? లేదు. మోడు మోడే అయినట్టు నొప్పి నొప్పే. కాకపోతే ఆ మోడు పాతుకున్న చోటు ఆమె ఒళ్లు, అక్కడికి వెళ్లి చూడగలిగేది ఆమె ఒక్కతే. జాన్ సర్ల్ అనే అమెరికన్ తత్వవేత్త కూడా ఈ ముడినే విప్పాడు. నొప్పి ఉనికి ఒక మనిషి లోపలే, ఆ అర్థంలో అది సబ్జెక్టివ్. కానీ ‘ఈమెకు నొప్పి ఉంది’ అన్న వాక్యం నిజమో అబద్ధమో మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు.

సబ్జెక్టివ్ అన్న ఒక్క మాటలో రెండు సంగతులు ఇరుక్కుని ఉన్నాయి: మనిషి ఇష్టాన్ని బట్టి ఉండేది ఒకటి, మనిషి లోపల ఉండేది ఇంకొకటి. మా సార్ కాలమ్ తీసేసింది రెండోదాన్ని మొదటిది అనుకుని. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం కూడా 1979లో ఇచ్చిన నిర్వచనం కింద ‘నొప్పి ఎప్పుడూ సబ్జెక్టివే’ అని రాసుకుంది. 2020లో సవరించినప్పుడు ఆ మాట తీసి, నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవం అని రాసింది. తనకు నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటకు గౌరవం ఇవ్వాలనీ చేర్చింది. మాట మార్చడానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. నాకైతే ఆ అరుగే గుర్తొచ్చింది.

ఇక ఆబ్జెక్టివ్ అన్నది కూడా అంత పతివ్రతేం కాదు. అదే సర్వేలో నీళ్లు చూడటానికి మా దగ్గర ఒక కిట్టు ఉండేది. నీళ్లలో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. అట్ట మీది రంగులతో పోల్చి అంకె రాయాలి. మధ్యాహ్నం ఎండలో నాకు 1.5 అనిపించిన సీసా, సాయంత్రం గుడి నీడలో మా జోడీవాడికి 2 అనిపించింది. ఫారంలో పడేది మాత్రం అంకె కాబట్టి ‘ఆబ్జెక్టివ్’. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న గీత కూడా మనుషులు కూర్చుని గీసిందే. మన దేశపు ప్రమాణంలో అసలు కోరుకునేది 1 మాత్రమే, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సర్దుకోమన్నారు. నీళ్లలో ఎంత ఉందన్నది వస్తుతంత్రం. ఎంత ఉంటే ఫరవాలేదన్నది ఒక నిర్ణయం.

పిల్లల పళ్లు చూసేటప్పుడు ఇంకా తమాషా. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద వచ్చే మచ్చలకు 1930ల్లో ట్రెండ్లీ డీన్ అనే అమెరికన్ దంతవైద్యుడు తయారుచేసిన తరగతులనే ఇప్పటికీ వాడతారు. పంటి మీద సున్నం పూసినట్టు తెల్లమచ్చ నాలుగో వంతు లోపు ఉంటే ఒక తరగతి, సగం దాకా ఉంటే ఇంకో తరగతి. ఒక తరగతి పేరే ‘సందేహాస్పదం’! నోరు తెరిచి నిలబడ్డ పిల్లవాడి ముందు ఇద్దరం నాలుగో వంతు గురించి కొట్లాడుకునేవాళ్లం.

మా స్టాటిస్టిక్స్ వాళ్లు ఇలాంటి చోట ‘సబ్జెక్టివ్’ అని చేతులు దులుపుకోరు, ఎంత సబ్జెక్టివో కొలుస్తారు. 1960లో జాకబ్ కోహెన్ చెప్పిన కప్పా అనే లెక్క ఉంది. వందమంది పిల్లల్ని ఇద్దరు చూశారనుకోండి. 72 మందికి మచ్చ ఉందని ఇద్దరూ అన్నారు, 12 మందికి లేదని ఇద్దరూ అన్నారు, మిగతా 16 మంది దగ్గర చెరో మాట, ఎనిమిదేసి చొప్పున. 84 శాతం ఏకాభిప్రాయం అంటే అబ్బో అనిపిస్తుంది. కానీ ఇద్దరూ 80 మందికి ‘ఉంది’ అనే రకం కాబట్టి, కళ్లు మూసుకుని చెప్పినా 68 శాతం (0.8×0.8 + 0.2×0.2) కలుస్తుంది. అది తీసేస్తే మిగిలిన జాగా 32, అందులో కలిసింది 16, కప్పా 0.5, అంటే కలవడానికి మిగిలిన జాగాలో సగమే కలిశారు. క్లాసులో ఈ లెక్క చేయించినప్పుడల్లా పిల్లల మొహాలు చూడాలి.

పరీక్షల భాష మీకు తెలిసిందే, బిట్ పేపరు ఆబ్జెక్టివ్, వ్యాసాల పేపరు సబ్జెక్టివ్. అక్కడ అర్థం దిద్దేవాణ్ని బట్టి మార్కు మారుతుందా లేదా అని మాత్రమే. నేనే ఒకసారి పేపర్లు దిద్దుతూ ఒక జవాబుకు పదిహేనుకు ఆరు వేశాను. అదే పేపరు ఏదో పొరపాటున మళ్లీ నా కట్టలోకే వచ్చింది, అప్పుడు తొమ్మిది వేశాను. మధ్యలో జరిగింది భోజనం ఒక్కటే. లెక్కల పేపరైతే ఈ బాధ ఉండదనుకుంటాం. 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే జ్యామితి జవాబు పత్రాన్ని వందకు పైగా టీచర్లతో దిద్దిస్తే మార్కులు 30 లోపు నుంచి 90 పైదాకా పడ్డాయి. బిట్ పేపర్లో ఈ బాధ లేదు నిజమే. కానీ ఏ ప్రశ్న అడగాలి, కీలో ఏది రైటు అన్నది ఎవరో మనిషి అనుకున్నదే, అందుకే కీ మీద అన్ని అభ్యంతరాలు.

లాయర్ల సంగతి నల్గొండ కోర్టులో ప్రాక్టీసు చేసే మా బావమరిది దగ్గర విన్నదే చెప్తాను. పీడీ యాక్ట్ (ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం) కింద ఒకర్ని లోపల వేయాలంటే అధికారికి ‘సబ్జెక్టివ్ సాటిస్‌ఫాక్షన్’ కలగాలి. న్యూస్ పేపర్లో దీన్ని వ్యక్తిగత సంతృప్తి అని రాస్తారు, ఆయనకేదో బిందెడు పాలు తాగినంత తృప్తి కలిగినట్టు! అసలు అర్థం, ఇది అవసరమని ఆ అధికారికి సొంతంగా నమ్మకం కుదరాలని. కోర్టు ఆయన నమ్మకం బదులు తన నమ్మకం పెట్టదు. కానీ నమ్మడానికి సరైన ఆధారం ముందు ఉందా, బుర్ర పెట్టి చూశాడా అని అడుగుతుంది. ఇంకో ముచ్చట. ‘గుడ్ ఫెయిత్’ అన్న మాటకు 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్‌లో నిజాయితీ ఉంటే చాలు, అజాగ్రత్తగా చేసినా సరే. ఐపీసీలో, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం తగినంత జాగ్రత్త, శ్రద్ధ లేకపోతే గుడ్ ఫెయిత్ కానే కాదు. ఒకటి లోపలి మనసు చూస్తుంది, ఇంకొకటి బయటికి కనిపించే నడత చూస్తుంది.

తెలుగులో ఏమనాలంటే, అన్ని చోట్లా సరిపోయే ఒక్క మాట కోసం వెతక్కండి. సాహిత్యం వాళ్లు ‘ఆత్మాశ్రయం’ అంటారు, భావకవిత్వం గురించి మాట్లాడేటప్పుడు బాగానే ఉంటుంది. కానీ తర్కశాస్త్రంలో ఆత్మాశ్రయం ఒక దోషం పేరు, తనను నిరూపించుకోవడానికి తననే ఆధారం చేసుకోవడం. సోషల్ సైన్స్ పుస్తకాల్లో ‘వ్యక్తినిష్ఠం’ అని ఉంటుంది. నాకైతే నిష్ఠ అనగానే మాల వేసుకున్నవాళ్లు గుర్తొస్తారు, అది నా లోపం. నేనైతే సందర్భాన్ని బట్టి విడగొట్టి రాస్తాను. రుచి అయితే అభిరుచి. ముందే ఒక వైపు మొగ్గితే పక్షపాతం. రోగి చెప్పిందైతే ‘రోగి చెప్పింది’. లోపలి అనుభవమైతే స్వానుభవం. ఇలా విడగొడితే మనం ఏమంటున్నామో మనకే ముందు తెలుస్తుంది.

ఇప్పుడు మీ రిపోర్టు. గైడ్‌గారిని ‘ఏ వాక్యాలు సార్?’ అని అడగండి, కోపం చేసుకుంటే చేసుకోనీ. ‘కూలీలు దయనీయంగా బతుకుతున్నారు’ అని మీరు రాసుంటే ఆ దయ మీది. అది తీసేసి గదిలో ఎంతమంది పడుకున్నారు, గుంపు మేస్త్రీ (కూలీల్ని పనికి తీసుకుపోయేవాడు) ఇచ్చిన అడ్వాన్సు ఎంత, కూలీలోంచి పట్టుకున్నది ఎంత అని రాయండి. కానీ ‘ఊరికి తిరిగొచ్చినా నిద్రలో ఇంకా మిల్లరు మోత వినిపిస్తదన్నాడు’ లాంటి వాక్యం పక్కన ఎర్ర గీత పడి ఉంటే మాత్రం ఒప్పుకోకండి. అది మీ అభిప్రాయం కాదు, ఆయన చెప్పింది, ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేనిది. ఆయన మాటల్లోనే ఉంచండి, గుంజుడును సలుపుడు చేయకండి. పక్కన ఎప్పుడు అడిగారో, ఎవరి ముందు అడిగారో రాయండి. మేస్త్రీ పక్కనే ఉండగా చెప్పింది వేరు, ఒక్కడే ఉన్నప్పుడు చెప్పింది వేరు. పొద్దున అడిగారా, రాత్రి అడిగారా అది కూడా రాయండి.